మోటారు అమర్చిన సైకిళ్ళలో నాభి గేర్లు: ఒక ‘సడలింపు’ చరిత్ర

వ్యాససంగ్రహం

సైకిలు వెనుక చక్రపు నాభిలో ఇమిడిపోయే గేర్ల అమరిక 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో బ్రిటన్‌లో స్థిరపడింది. సైకిలుకు ఇంజను చేరిన ప్రతి దశలోనూ ఈ అమరికను వాడుకునే ప్రయత్నాలు జరిగాయి. అవి ఒక దశలో విఫలమయ్యాయి. మరొక దశలో నాభి గేరును పూర్తిగా పక్కన పెట్టారు. ఇంకొక దశలో అదే మళ్ళీ ముందుకు వచ్చింది. ఈ హెచ్చుతగ్గులకు నాభి గేరు బలహీనత ఒక్కటే కారణమన్న సాధారణ అభిప్రాయాన్ని ఈ వ్యాసం పునఃపరిశీలిస్తుంది. గేరు మార్చే క్షణంలో తొక్కేవాడు తనకు తెలియకుండానే చూపే సడలింపును యంత్రం ఎలా పొందింది, ఎక్కడ పొందలేకపోయింది అన్నదే ఈ చరిత్రకు అసలు సూత్రమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నాభి గేరు, స్టర్మీ-ఆర్చర్, మోటారు సైకిలు, సైకిలు మోటారు, విద్యుత్ సైకిలు, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్రను ఒక సరళరేఖగా చెప్పే అలవాటు మనకు బలంగా ఉంది. ఒక వస్తువు పుడుతుంది, దానికంటె మెరుగైనది వస్తుంది, పాతది తొలగిపోతుంది. సైకిలు విషయంలోనే ఈ అలవాటును ట్రెవర్ పించ్, వీబ బైకర్ 1984లో ప్రశ్నించారు. సైకిలు నేటి రూపానికి రావడం ముందే నిర్ణయమైన ప్రయాణం కాదనీ, వేర్వేరు వర్గాల వాడుకరులు దానికి ఇచ్చిన అర్థాల మధ్య జరిగిన పోటీ ఫలితమనీ వారు వాదించారు. డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో ప్రచురించిన ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ గ్రంథంలో ఆవిష్కరణల చరిత్ర కంటె వాడుక చరిత్ర ముఖ్యమన్నాడు. ఈ రెండు దృష్టులకూ మంచి పరీక్ష కాగల విషయం మోటారు అమర్చిన సైకిళ్ళలో నాభి గేరు. మోటారు సైకిలు చరిత్రలలో దీనిని చట్రం మధ్యలోని గేరుపెట్టె రాకముందు కొద్దికాలం నిలిచిన అపరిణత దశగా ఒకటి రెండు వాక్యాలలో ముగించడం పరిపాటి. అయితే తొలగిపోయిన దశే అయితే, 8 దశాబ్దాల తరువాత జపాన్, ఐరోపా దేశాల విద్యుత్ సైకిళ్ళలో అది మళ్ళీ ఎందుకు కనిపించింది? ఈ ప్రశ్నే ఈ వ్యాసానికి ఆధారం.

ఇక్కడ ‘నాభి’ అంటే చక్రం మధ్యభాగం. వాడుకలో దీనినే హబ్ అంటాం. బండి చక్రంలో ఆకులు వచ్చి కూడే చోటు ఎలాంటిదో, సైకిలు చక్రంలో పుల్లలు కూడే చోటు అలాంటిది. దాని మధ్య నుంచి ఇరుసు పోతుంది. ఈ డొల్లలో దాగిన గేర్లనే ఇక్కడ నాభి గేరు అని వ్యవహరిస్తున్నాను.

2. నాభి గేరు పుట్టుక, నిర్మాణం

నాటింగ్‌హామ్‌లో రాలీ సైకిళ్ళ సంస్థాధిపతి ఫ్రాంక్ బౌడెన్ ఆధ్వర్యంలో మూడు గేర్ల నాభి 1902లో రూపుదిద్దుకుంది. దానికి హెన్రీ స్టర్మీ, జేమ్స్ ఆర్చర్‌ల పేర్లు నిలిచాయి. అయితే టోనీ హ్యాడ్లండ్ రాసిన స్టర్మీ-ఆర్చర్ చరిత్ర ప్రకారం ఆర్చర్ పేరున ఉన్న పేటెంటు వెనుక అసలు మేధ విలియం రైలీది. అంతకుముందు రెండు గేర్ల నాభిని రూపొందించిన రైలీ, పాత సంస్థతో చేసుకున్న ఒప్పందం కారణంగా తన పేరు బయట పెట్టలేకపోయాడు. శతాబ్దానికి పైగా కోట్ల చక్రాలపై తిరిగిన పేరులో అసలు రూపశిల్పి పేరు లేకపోవడం ఈ చరిత్రలో గమనించదగిన విశేషం.

నాభి గేరు లోపలి ఏర్పాటుకు సౌరకుటుంబం పోలికతో పేర్లు పెట్టారు. ఇరుసుకు కదలకుండా అతికి ఉండే చిన్న పళ్ళచక్రం సూర్యచక్రం. దాని చుట్టూ తిరిగేవి గ్రహచక్రాలు. వాటిని బయటి నుంచి చుట్టి ఉన్న, లోపలి వైపు పళ్ళుగల కడియం వలయచక్రం. 1936లో వచ్చిన స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ రకం నాభిని ఉదాహరణగా తీసుకుందాం. అందులో సూర్యచక్రానికి 20 పళ్ళు, వలయచక్రానికి 60 పళ్ళు. చెయిను తెచ్చే శక్తిని వలయచక్రానికి ఇచ్చి, గ్రహచక్రాలను మోసే చట్రం నుంచి తీసుకుంటే వేగం నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది. ఇది ఎత్తు ఎక్కే గేరు. అదే శక్తిని గ్రహచట్రానికి ఇచ్చి వలయచక్రం నుంచి తీసుకుంటే వేగం మూడో వంతు పెరుగుతుంది. ఇది పల్లానికీ చదునైన బాటకూ తగిన గేరు. నడిమి గేరులో పళ్ళపై భారం పడకుండా శక్తి నేరుగా చక్రానికి చేరుతుంది.

ఈ నిర్మాణంలో రెండు అంశాలు మన చర్చకు కీలకం. మొదటిది, సూర్యచక్రం ఇరుసుకు అతికి ఉండడంవల్ల గేరు పనిచేసేటప్పుడు ఇరుసు కూడా తిరగబోతుంది. కింది గేరులో లోపలికి వచ్చే తిప్పుడు బలంలో మూడో వంతు ఇరుసుపై ఎదురుబలంగా పడుతుంది. ఆ ఇరుసును తిరగనీయకుండా పట్టి ఉంచేవి చట్రపు గాడిలో కూర్చునే చిన్న వాషర్లే. రెండవది, గేరు మారేటప్పుడు ఒక లోహపు ముక్క ఒక పట్టు వదిలి మరొక పట్టులోకి జారాలి. బలం పూర్తిగా పడుతుండగా ఆ జారుడు సాఫీగా జరగదు. అంచులు ఒరుసుకుంటాయి, అరుగుతాయి. ఏడబ్ల్యూ నాభిలో రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య ఏ పట్టూ లేని ఖాళీ స్థానం కూడా ఉంది. సైకిలు తొక్కేవారికి ఇవేవీ పెద్ద సమస్యలు కావు. గేరు మార్చే క్షణంలో కాలు తనంతట తానే బరువు తగ్గిస్తుంది. ఈ లిప్తపాటు సడలింపును ఏ పేటెంటూ గేరులో భాగంగా లెక్కించలేదు. కాని నాభి గేరు పనితీరు మొత్తం దానిమీదే ఆధారపడింది.

3. కాలికీ ఇంజనుకూ తేడా: ఒక లెక్క

ఇంజను బలం ఎక్కువ కాబట్టి నాభి తట్టుకోలేదన్నది సాధారణంగా వినిపించే వివరణ. దీనిని అంకెలతో పరీక్షించవచ్చు. 75 కిలోల మనిషి 17 సెంటీమీటర్ల పెడల్ కడ్డీపై పూర్తి బరువుతో నిలబడితే పెడల్ ఇరుసు వద్ద సుమారు 125 న్యూటన్-మీటర్ల తిప్పుడు బలం, అంటే టార్క్, పుడుతుంది. ముందు చక్రానికి 46 పళ్ళు, వెనుక చక్రానికి 20 పళ్ళు ఉంటే నాభికి చేరేది దాదాపు 54. ఇది గరిష్ఠ స్థాయి. చదునైన బాటపై నిమిషానికి 60 సార్లు తొక్కుతూ 100 వాట్లు పుట్టించే మనిషి నుంచి నాభికి చేరే సగటు టార్క్ 7 న్యూటన్-మీటర్లు మాత్రమే.

ఇప్పుడు నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతూ 1,500 వాట్లు ఇచ్చే చిన్న ఇంజనును చూద్దాం. సైకిలు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే చక్రం నిమిషానికి సుమారు 317 చుట్లు తిరగాలి. ఇంజను వేగాన్ని ఆ మేరకు తగ్గిస్తే, నష్టాలను వదిలేసి చూసినా, నాభికి చేరే టార్క్ దాదాపు 45 న్యూటన్-మీటర్లు. అంటే ఇంజను ఇచ్చే సగటు బలం నిలబడి తొక్కే మనిషి గరిష్ఠ బలాన్ని మించదు. తేడా మరొక చోట ఉంది. మనిషి ఆ గరిష్ఠ బలాన్ని ఎత్తు ఎక్కే కొన్ని క్షణాలలోనే ఇస్తాడు. ఇంజను సగటున దానికి దగ్గరి బలాన్ని గంటల తరబడి ఇస్తుంది. పైగా సిలిండరులో ప్రతి పేలుడుకూ ఒక దెబ్బ వేస్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా, గేరు మారుతోందని ఇంజనుకు తెలియదు. కనుక సమస్య బలం పరిమాణంలో కంటె, ఆ బలం ఎడతెగకుండా పడడంలోనూ, సడలింపు లోపించడంలోనూ ఉంది. ఇక చారిత్రక దశలను ఈ దృష్టితో పరిశీలించవచ్చు.

4. తొలి దశ: నాభి నుంచి చట్రం మధ్యకు

20వ శతాబ్దం మొదటి దశకంలో బ్రిటిష్ మోటారు సైకిలు నిజంగా ఇంజను తగిలించిన సైకిలే. తోలు పట్టీ ఇంజను నుంచి వెనుక చక్రానికి నేరుగా శక్తిని అందించేది. గేర్లు ఉండేవి కావు. బయలుదేరడానికీ ఎత్తు ఎక్కడానికీ తొక్కేవాడి కాలే ఆసరా. ‘కొద్దిపాటి పెడల్ సాయం’ అనే అర్థంగల మాట ఆనాటి బ్రిటిష్ మోటారు సైకిలు వ్యవహారంలో పరిచితమైనది. 1907లో మ్యాన్ ద్వీపంలో మొదలైన టూరిస్ట్ ట్రోఫీ పందెంలో పెడల్ వాడుకకు అనుమతి ఉండేది. మరుసటి సంవత్సరమే దానిని నిషేధించారు. కాలి సాయం తొలగితే దాని పనిని మరొకటి చేయాలి. ఆ మరొకటి గేరు.

అప్పటికే సైకిళ్ళలో నిరూపితమైన నాభి గేరు వైపు తయారీదారులు చూడడం సహజం. స్టర్మీ-ఆర్చర్ సంస్థ మోటారు సైకిళ్ళ కోసం దృఢమైన మూడు గేర్ల నాభిని రూపొందించింది. అందులో క్లచ్ కూడా ఇమిడి ఉండేది. ఇది గమనించదగిన చేర్పు. క్లచ్ అంటే, మన చర్చ పరంగా, కాలి సడలింపును చేతిమీటగా మార్చిన సాధనం. తొక్కేవాడు అప్రయత్నంగా చేసే పనిని నడిపేవాడు ప్రయత్నపూర్వకంగా చేయవలసి వచ్చింది.

1911లో పందెం దాదాపు 60 కిలోమీటర్ల చుట్టుగల పర్వత మార్గానికి మారింది. బాట 400 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కి దిగుతుంది. ఆ ఏడు సీనియర్ పందెంలో అమెరికాకు చెందిన ఇండియన్ మోటారు సైకిళ్ళపై గాడ్‌ఫ్రీ, ఫ్రాంక్లిన్, మూర్‌హౌస్ మొదటి మూడు స్థానాలు గెలిచారు. ఆ యంత్రాలకు చెయిను నడక, రెండు గేర్ల పెట్టె ఉన్నాయి. గేర్లు చక్రంలో కాక చట్రం మధ్యలో ఉండడం వాటి విశేషం. గేరుపెట్టె అక్కడికి మారడంవల్ల కలిగే లాభాన్ని అంకెలలో చూపవచ్చు. ఇంజనుకూ చక్రానికీ మధ్య మొత్తం తగ్గింపు ఐదింతలు అనుకుందాం. చక్రనాభిలో ఉన్న గేరు ఇంజను టార్క్‌కు ఐదింతలు మోయాలి. దారి మధ్యలో, రెండింతల తగ్గింపు తరువాత ఉన్న గేరు రెండింతలే మోస్తుంది. పంక్చరు పడితే చక్రంతోపాటు గేర్లనూ విప్పవలసిన ఇబ్బంది కూడా తప్పుతుంది.

1915లో వచ్చిన ట్రయంఫ్ మోడల్ హెచ్‌లో ఈ మార్పు స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 30 వేల మోడల్ హెచ్ బండ్లు మిత్రరాజ్యాల సేనలకు చేరాయి. దాని మూడు గేర్ల పెట్టెను తయారుచేసినది స్టర్మీ-ఆర్చర్ సంస్థే. పెడల్స్ లేని తొలి ట్రయంఫ్ కూడా ఇదే. నాభి నుంచి గేర్లు బయటికి రావడం, బండి నుంచి పెడల్స్ తొలగిపోవడం ఒకే నమూనాలో కలవడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. సైకిలుకు మనిషి కాలితో ఉన్న బంధం తెగినప్పుడు, ఆ కాలి సడలింపును ఆధారం చేసుకున్న పరికరం కూడా స్థానభ్రంశం చెందింది. నాభి గేరును తయారుచేసిన సంస్థే దాని స్థానంలోకి వచ్చిన గేరుపెట్టెనూ సరఫరా చేయడం, ‘పాతది ఓడింది, కొత్తది గెలిచింది’ అన్న సరళ వివరణ చాలదనడానికి మరొక నిదర్శనం.

5. రెండో దశ: పక్కదారి

రెండో ప్రపంచ యుద్ధానంతరం ఐరోపాలో కార్లు కొనలేని శ్రామికులకు సైకిలు మోటారు వరమైంది. ఉన్న సైకిలుకే చిన్న ఇంజను తగిలించుకునే పద్ధతి ఇది. ఈ దశలో ఇంజనీర్లు నాభి గేరుతో తలపడలేదు. దానిని తప్పించుకుని పోయారు. 1946లో ఫ్రాన్స్‌లో విడుదలైన వెలోసోలెక్స్‌లో ఇంజను ముందు చక్రం మీద కూర్చుని, ఒక రోలరుతో టైరును రుద్ది తిప్పుతుంది. వెనుక చక్రం, దాని చెయిను మనిషి కాలికే మిగిలాయి. బ్రిటన్‌లో 1950లో వచ్చిన సైకిల్‌మాస్టర్‌లో 25.7 సీసీ ఇంజను వెనుక చక్రం లోపలే ఇమిడి ఉంటుంది. 1953 నాటి బీఎస్ఏ వింగ్డ్ వీల్‌దీ ఇదే బాట. ఇవి వెనుక చక్రాన్నే మార్చివేస్తాయి గనుక సైకిలుకు అంతకుముందున్న నాభి గేరు వాటితోపాటు పోవలసిందే.

ఈ దశలో అత్యంత ఆసక్తికరమైనది డుకాటీ 1946 నుంచి తయారుచేసిన కుచ్చోలో. 48 సీసీల ఈ ఇంజను పెడల్ ఇరుసు దగ్గర అమరి, సైకిలు చెయిను ద్వారానే వెనుక చక్రాన్ని తిప్పుతుంది. శక్తి మార్గం దృష్ట్యా ఇది నేటి విద్యుత్ సైకిలుకు పూర్వరూపం. అయినా దాని రూపకర్తలు నాభి గేరును నమ్ముకోక, ఇంజను లోపలే క్లచ్‌తోపాటు రెండు గేర్లను అమర్చారు. 1953లో జర్మనీలో వచ్చిన ఎన్ఎస్‌యూ క్విక్లీ వంటి మోపెడ్లు కూడా గేర్లను ఇంజనుతో కలిపే తయారయ్యాయి. పది లక్షలకు పైగా అమ్ముడైన ఆ బండి మోపెడ్ రూపాన్ని స్థిరపరచింది. పెడల్స్ మిగిలాయి, కాని వాటి పని ఇంజనును లేపడానికీ అత్యవసర సాయానికీ పరిమితమైంది.

6. ఔత్సాహికుల ప్రయోగాలు

కర్మాగారాలు వదిలేసిన సమస్యను ఇంటి వర్క్‌షాపులు వదలలేదు. 21వ శతాబ్దపు తొలి దశకాలలో అమెరికాలో రెండు స్ట్రోకుల చిన్న ఇంజను కిట్లను సైకిళ్ళకు బిగించుకునే అభిరుచి వ్యాపించింది. సాధారణ కిట్టులో ఒకే గేరు ఉంటుంది. ఎత్తు ఎక్కడానికి అది చాలనప్పుడు కొందరు నాభి గేరును రెండు విధాలుగా వాడారు. మొదటిది, ఇంజను శక్తిని పెడల్ చెయినులోకి మళ్ళించి వెనుక చక్రంలోని నాభి ద్వారా పంపడం. రెండవది, నాభిని చక్రం నుంచి విడదీసి చట్రం మధ్యలో బిగించి, దాని అంచుకు ఒక పళ్ళచక్రం తగిలించి, గేరుపెట్టెగా వాడడం.

రెండో పద్ధతిలోని తెలివి పైన ఇచ్చిన లెక్కతో స్పష్టమవుతుంది. చట్రం మధ్యలోని నాభి చక్రం కంటె మూడింతల వేగంతో తిరిగేలా అమరిస్తే, దానిపై పడే టార్క్ 45 నుంచి 15 న్యూటన్-మీటర్లకు తగ్గుతుంది. ప్రతిగా లోపలి భాగాలు మూడింతల వేగంతో తిరుగుతాయి. కనుక కందెన విషయంలో అశ్రద్ధ పనికిరాదు. 1911 – 1915 మధ్య కర్మాగారాలు చేరుకున్న పరిష్కారాన్ని ఔత్సాహికులు తమ దారిన మళ్ళీ కనుగొన్నారన్నమాట. అయినా గేరు మార్చేటప్పుడు థ్రాటిల్‌ను వదిలి, లిప్తకాలం ఆగి, మళ్ళీ తిప్పడం తప్పదు. సడలింపు నడిపేవాడి చేతికి మారిందే గాని అదృశ్యం కాలేదు.

7. మూడో దశ: తిరిగి చెయినులోకి

1993లో జపాన్‌లో యమహా సంస్థ పాస్ పేరుతో తొక్కుడుకు తోడుగా నిలిచే విద్యుత్ సైకిలును విడుదల చేసింది. పెడల్ ఇరుసు వద్ద మనిషి ఎంత బలంతో తొక్కుతున్నాడో కొలిచి, దానికి అనులోమంగా మోటారు బలాన్ని కలపడం దాని మూలసూత్రం. ఈ సూత్రం నాభి గేరు చరిత్రను మలుపు తిప్పింది. కాలు సడలితే మోటారు కూడా సడలుతుంది. గేరు మార్చే క్షణంలో మనిషి అప్రయత్నంగా బరువు తగ్గించగానే యంత్రం దానిని అనుసరిస్తుంది. 8 దశాబ్దాలుగా ఇంజనుకు లేని ఇంగితం అలా సమకూరింది. జపాన్‌లో నిత్యావసరాలకూ పిల్లలను తీసుకుపోవడానికీ వాడే ఇటువంటి సైకిళ్ళలో మూడు గేర్ల నాభి సర్వసాధారణమైంది. దీనికి మరొక ప్రయోజనం ఉంది. కూడలి వద్ద ఆగినప్పుడు, చక్రం తిరగకపోయినా నాభి గేరు మార్చవచ్చు. బయటి పళ్ళచక్రాలపై చెయిను దూకే గేరులో ఈ సౌకర్యం లేదు.

మోటార్ల బలం పెరిగేకొద్దీ సమస్య తిరిగి తలెత్తింది. ఐరోపా నిబంధనల ప్రకారం ఇటువంటి సైకిలు మోటారు నిరంతర సామర్థ్యం 250 వాట్లు, తోడ్పాటు గంటకు 25 కిలోమీటర్ల వరకే. అయినా పెడల్ ఇరుసు దగ్గర 50 నుంచి 85 న్యూటన్-మీటర్ల టార్క్ ఇవ్వగల మోటార్లు వచ్చాయి. ఇది తొక్కేవాడి బలానికి అదనం. దీనికి సమాధానాలు మూడు వైపుల నుంచి వచ్చాయి.

మొదటిది, దంతాలు లేని నాభి. 2007 నుంచి ఫాల్‌బ్రుక్ సంస్థ అందించిన నువిన్చి నాభిలో పళ్ళచక్రాలకు బదులు ఉక్కు గోళాలు ఉంటాయి. వాటి వాలును మార్చితే వేగనిష్పత్తి క్రమంగా మారుతుంది. ఒక పట్టు వదిలి మరొకటి పట్టుకోవడమే లేదు గనుక సడలింపు అవసరం చాలావరకు తగ్గింది. రెండవది, గేర్ల సంఖ్యను తగ్గించి దృఢత్వాన్ని పెంచడం. 8, 11 గేర్ల నాభులు తయారుచేసిన షిమానో సంస్థే విద్యుత్ సైకిళ్ళ కోసం ప్రత్యేకంగా ఐదు గేర్ల నాభిని రూపొందించింది. గేర్ల సంఖ్య పెరగడమే పురోగతి అన్న ధోరణికి ఇది ఎదురునడక.

మూడవది మన వాదానికి అత్యంత ముఖ్యం. జర్మనీకి చెందిన రోలోఫ్ సంస్థ 14 గేర్ల నాభి 1990ల చివరి నుంచి వాడుకలో ఉంది. 2018 ప్రాంతంలో దానికి విద్యుత్ గేరుమార్పిడి పరికరాన్ని జోడించి బాష్ మోటారుతో అనుసంధానించారు. గేరు మారబోతున్నదని పరికరం మోటారుకు సంకేతం పంపుతుంది. మోటారు క్షణకాలం బలం తగ్గిస్తుంది. గేరు మారగానే తిరిగి పుంజుకుంటుంది. తొక్కేవాడి కాలు ఎవరూ నేర్పకుండా చేసిన పనిని ఇక్కడ ఒక నియంత్రణ వ్యవస్థ చేస్తున్నది. లోపలి గ్రహచక్రాల మూలసూత్రం మాత్రం రైలీ కాలం నాటిదే.

8. భారతీయ సందర్భం

ఈ మూడు దశలలోనూ భారతదేశం దారి వేరు. డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో చూపినట్లు, సైకిలు మన దేశంలో నిత్యజీవిత యంత్రంగా స్థిరపడింది. అయితే ఆ సైకిలు ప్రధానంగా ఒకే గేరుది. పాలబిందెలకూ ధాన్యపు మూటలకూ కావలసినది గట్టి చట్రం, ఏ ఊళ్ళోనైనా బాగుచేయగల నాభి. 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 మోపెడ్లు తెలుగునాట చిరువ్యాపారులకూ చిరుద్యోగులకూ ఆసరా అయ్యాయి. వాటిలోనూ గేర్లు మార్చే పని లేదు. అంటే నాభి గేరును మోటారుతో కలపాలా వద్దా అన్న ప్రశ్న ఇక్కడ దాదాపుగా తలెత్తలేదు.

విద్యుత్ సైకిళ్ళ రాకతో ఆ ప్రశ్న ఇప్పుడు తలెత్తుతున్నది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 250 వాట్లకూ గంటకు 25 కిలోమీటర్లకూ లోబడిన బ్యాటరీ వాహనాలకు, బరువు మొదలైన ఇతర షరతులతో, మినహాయింపు ఉంది. ఈ పరిధిలో మన బజారులో ఎక్కువగా కనిపించేవి వెనుక చక్రపు నాభిలోనే మోటారు ఉన్న నమూనాలు. 1950 నాటి సైకిల్‌మాస్టర్ లాగే ఇక్కడ కూడా మోటారు నాభి స్థానాన్ని ఆక్రమించింది. ఆ మోటారు బలం గేర్ల గుండా పోదు గనుక కొండబాటలో దానికి గేర్ల సాయం అందదు. విశాఖ మన్యం వంటి ఎత్తుపల్లాల ప్రాంతాలలో సరుకు మోసే సైకిలుకు ఏ శక్తిమార్గం తగినదన్నది కేవలం ఇంజనీరింగు ప్రశ్న కాదు. బాట, బరువు, బాగుచేసేవారి నైపుణ్యం కలిసి తేల్చవలసిన విషయం.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. ఒకటి, మోటారు సైకిళ్ళ నుంచి నాభి గేరు తొలగిపోవడాన్ని దాని బలహీనత ఒక్కదానితో వివరించలేం. గేరు మార్చేటప్పుడు అది కోరే సడలింపును ఆనాటి ఇంజను తనంతట తాను ఇవ్వలేకపోవడం అందులో ప్రధానాంశం. రెండు, ఒక్కొక్క దశ ఆ సడలింపుకు ఒక్కొక్క ప్రత్యామ్నాయాన్ని వెతికింది. 1910లలో క్లచ్, 1950లలో పక్కదారి, 1993 తరువాత కాలి బలాన్ని కొలిచే సాధనం, ఇటీవల మోటారును క్షణకాలం తగ్గించే సంకేతం. మూడు, ఒక పరికరం చరిత్రను దాని లోపలి భాగాల చరిత్రగా మాత్రమే రాస్తే, దానిని వాడే మనిషి దేహం అందించిన పాలు కనబడకుండా పోతుంది.

మూడవ నిర్ధారణకు సైకిలును మించిన విస్తృతి ఉంది. మగ్గం, కుమ్మరి సారె, కుట్టుమిషను వంటి వాటికి మోటారు అమర్చినప్పుడు పనివాడి చేతిలోనో కాలిలోనో ఉన్న ఏ సడలింపు లోపించింది, దాని స్థానంలో ఏది వచ్చింది, దేనికీ ప్రత్యామ్నాయం దొరకక ఏ పనితనం అంతరించింది అన్న ప్రశ్నలను తెలుగు ప్రాంతాల వృత్తి చరిత్ర పరిశోధకులు చేపట్టవలసి ఉంది. అటువంటి పరిశోధనకు పేటెంటు పత్రాలతోపాటు, ఆ యంత్రాలపై పనిచేసినవారి జ్ఞాపకాలు కూడా ముఖ్యమైన ఆకరాలు అవుతాయి.